బీరువాలోని తుపాకీ

ఆ మధ్య పటాన్‌చెరులో కాంట్రాక్టు కార్మికురాళ్లతో కూర్చుని రాత్రి షిఫ్టుల గురించి మాట్లాడుతున్నాం. షిఫ్టు దిగాక ఆటో దొరికే దాకా చీకట్లో నిలబడడం ఎట్లా ఉంటుందో ఒకామె చెబుతోంది. కొత్తగా పనిలో చేరిన ఒక అమ్మాయి, “మాకు గూడ తుపాకులిస్తే అయిపోతది గద మేడం” అంది. అందరూ నవ్వారు. ఒకామె మాత్రం నవ్వలేదు. సమావేశం అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికొచ్చి, “మా ఇంట్ల ఉన్నది మేడం, లైసెన్సుదే” అంది. భర్త సెక్యూరిటీ గార్డు. డబుల్ బ్యారెల్ తుపాకీ. “కొట్టినప్పుడు గూడ దాన్ని ముట్టడు. కొట్లాటైన రాత్రి బీరువల కెల్లి తీసి, గుడ్డతోని తుడుస్తడు. అంతే.”

ఆయుధాల చట్టం మీద జరిగే చర్చల్లో ఈ ‘అంతే’ నాకెక్కడా కనిపించలేదు.

2023 మే 6న అమెరికాలో, టెక్సాస్‌లోని ఆలెన్ అనే ఊళ్లో, ఒకడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో ఎనిమిది మందిని చంపాడు. వారిలో మన తెలంగాణకు చెందిన ఒక యువ ఇంజనీరు ఉంది. ఆ తుపాకులన్నీ అతను చట్టబద్ధంగా కొన్నవే. నయం, మన దగ్గర అట్లాంటివి దొరకవు అనుకున్నాం అందరం. నిజమే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలుతూ, తరువాతి గుండు దానంతటదే లోపలికి వచ్చే రైఫిళ్లను మన చట్టం కఠినమైన ఆంక్షల కింద పెట్టింది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అవి ఎవరికీ ఇవ్వరు. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఈ కట్టడి సడలకూడదనే నేనూ అంటాను. కాని బెదిరించడానికి సెమీ ఆటోమేటిక్కే కావాలా? 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ తగాదా ముదిరితే, ఒక పార్టీ జిల్లా నాయకుడు లైసెన్సు ఉన్న తుపాకీనే పేల్చాడు. ఒక ప్రాణం పోయింది.

తెలంగాణలో తుపాకీ చరిత్ర మనకు తెలియనిది కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ఒరిగిపోయింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకే. ఆ తరువాత స్త్రీలూ తుపాకీ పట్టారు. స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వాళ్ల మాటలున్నాయి. అందుకని తుపాకీ మగవాళ్ల వస్తువని తేలిగ్గా అనెయ్యలేను. అయితే ఆ తుపాకీ దళానిది, దాని వెనక ఒక ఉద్యమం ఉంది. 2012 ఢిల్లీ ఘటన తరువాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని తెచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ వెనక ఏముంది? అప్పట్లో ధర సుమారు 1.22 లక్షలు. మన కార్మికురాళ్లకు అది నెలల తరబడి జీతం. పైగా అది కొన్నా ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు.

1989 డిసెంబరు 6న కెనడాలోని మాంట్రియల్ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకడు ఆడపిల్లలను విడిగా నిలబెట్టి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో కాల్చాడు. మొత్తం 14 మంది స్త్రీలను చంపాడు. బతికినవాళ్లూ, చనిపోయిన పిల్లల తల్లిదండ్రులూ ఏళ్ల తరబడి పోరాడిన మీదట 1995లో కొత్త చట్టం వచ్చింది. అక్కడ లైసెన్సు దరఖాస్తు మీద భార్యో సహచరో, గత రెండేళ్లలో విడిపోయినవారైనా సరే, సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే అధికారి వారికి తెలియజేస్తాడు. మన 1959 చట్టం పోలీసు నివేదిక అడుగుతుంది గాని భార్యను అడగదు.

అడిగితే మాత్రం? భర్త ఎదురుగా కూర్చుని ఉంటే మన ఆడవాళ్లు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తారు. అందుకని ఆ విచారణ స్టేషన్‌లో కాదు, రక్షణాధికారి ఆమెతో ఒంటరిగా మాట్లాడి జరపాలి. 2006 గృహహింస నిబంధనల్లో, మేజిస్ట్రేటు రాతపూర్వకంగా ఆదేశిస్తే, హింసకు సంబంధించిన ఆయుధాన్ని పోలీసుల సాయంతో జప్తు చేసే వీలుంది. మరి తుడిచి మళ్లీ బీరువాలో పెట్టిన తుపాకీ హింసకు సంబంధించినదా, కాదా? ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ‘ప్రజాశాంతి’ కోసం లైసెన్సు నిలిపివెయ్యవచ్చంటుంది. ఆ ఇంటి శాంతి ప్రజాశాంతి కాదా? తుపాకీని రాజ్యాంగ హక్కుగా చెప్పుకునే అమెరికాలోనే, గృహహింస రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర ఆయుధం ఉండనివ్వని చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024లో 8–1 మెజారిటీతో చెప్పింది. ఇక్కడ గృహహింస కేసు నమోదైన రోజే లైసెన్సు ఆగాలని మనం అడగడానికి సందేహం దేనికి?

ఇదంతా ఆమెకు చెప్పాను. “లైసెన్సు పోతే నౌకరి పోతది మేడం” అంది. సొంత తుపాకీ తెచ్చుకునేవాడికే ఆ పని. నా డిమాండ్లలో ఈ ముక్క లేదు. తుపాకీ ఏజెన్సీదై ఉండాలి, డ్యూటీ అయ్యాక ఏజెన్సీ దగ్గరే తాళంలో ఉండాలి అన్నది ఆమె వల్ల చేర్చుకున్నాను. ఫిర్యాదు మాత్రం ఆమె ఇవ్వలేదు. మళ్లీ కలిసినప్పుడు ఒక్కటే అడిగింది: “డ్యూటీ దిగినంక దాన్ని ఆడనే పెట్టి రమ్మని కంపెనీవాళ్లతోని చెప్పిస్తరా మేడం? నేను చెప్పినట్టు తెల్వద్దు.”