కొలెస్టరాల్ తగ్గాలంటే కంచం మారాలి

మంత్రాలయంలో మఠానికి వచ్చే యాత్రికుల మీద ఆధారపడి అంగడి నడుపుకొనే ఒకాయన ఆరు నెలల క్రితం నా దగ్గరకు వచ్చారు. యాభై యేళ్లుంటాయి. చేతిలో రక్తపరీక్ష కాగితం. ఎల్.డి.ఎల్., అంటే చెడ్డ కొలెస్టరాల్, 168 వుంది.

"నాకు ఏ నొప్పీ లేదు సార్. మాంసం ముట్టము, నెయ్యి తక్కువే. మా నూనె డబ్బా మీద కొలెస్టరాల్ లేదనే రాసి వుంది. మరి ఇదెట్లా వచ్చింది?" అన్నారు.

మీలో చాలామందికి ఇదే సందేహం వుంటుంది. గింజల నూనె ఏదైనా అందులో కొలెస్టరాల్ వుండదు. డబ్బా మీద ఆ మాట గొప్పేమీ కాదు. మన రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం కాలేయమే తయారు చేస్తుంది. పామాయిలు, వనస్పతి, వెన్న, నెయ్యి వంటి పేరుకొనే కొవ్వులు ఎక్కువైతే, చెడ్డ కొలెస్టరాల్‌ను రక్తంలోంచి తీసివేసే శక్తి కాలేయానికి తగ్గుతుంది. మిగిలినది రక్తనాళాల గోడల్లో ఏళ్ల తరబడి చేరుతుంది. నొప్పి వుండదు. కొందరికి మొదటి నొప్పే గుండెపోటు!

ఆయన దినచర్య అడిగాను. పొద్దున ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు. సాయంత్రం మళ్లీ బజ్జీలు. రోజంతా అంగట్లో కూర్చోవడమే. తుంగభద్ర ఒడ్డుకు పోవాలన్నా స్కూటరే!

ఉగ్గాని మానమని నేననలేదు. బొరుగుల్లో కొవ్వు లేదు; చిక్కంతా పక్కనున్న బజ్జీతోనే. ఆయనకు చెప్పినవి మీరూ పాటించండి:

నూనె మనిషికి నెలకు అర లీటరు మించకుండా కొలిచి వాడండి. వేయించగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి.

ఉలవలు, అలసందలు, శనగలు, బెండకాయ, జామపండు రోజూ ఏదో ఒకటి తినండి. వీటిలోని పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకొని బయటికి పంపుతుంది. మళ్లీ పైత్యరసం తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌నే వాడుకొంటుంది. తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, కొర్రన్నం తినండి.

రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు చురుగ్గా నడవండి. బీడీ, సిగరెట్ పూర్తిగా మానండి. పొట్ట తగ్గించండి.

మూడు నెలల తరువాత ఆయన ఎల్.డి.ఎల్. 141కి దిగింది. మాత్ర లేకుండానే సుమా! ఆ సంతోషంలో మాటల మధ్య, తన అన్నగారు 48వ యేట గుండెపోటుతో పోయారని చెప్పారు. ఆ మాట మొదటి రోజే చెప్పవలసింది! తండ్రి, అన్నదమ్ములకు 55 యేళ్లలోపు, తల్లి, అక్కచెల్లెళ్లకు 65 యేళ్లలోపు గుండెజబ్బు వచ్చిన ఇంట్లో ప్రమాదం ఎక్కువ. ఆయనకు మాత్ర మొదలుపెట్టాను. ఆయన పిల్లలకూ పరీక్ష చేయించాను.

మధుమేహం, గుండెజబ్బు వున్నవారు, ఎల్.డి.ఎల్. 190 దాటినవారు పథ్యం ఒక్కటే చాలనుకోకూడదు. అంకె తగ్గింది గదా అని డాక్టరును అడగకుండా మాత్ర ఆపకూడదు. మాత్ర వేసుకొంటున్నాను గదా అని బజ్జీల బండి దగ్గర నిలబడనూ కూడదు.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కాగితంతోపాటు మీ ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండెజబ్బు వచ్చిందో కూడా చెప్పండి. అడిగేదాకా ఆగకండి.