నలోక్సోన్: షాపులో దొరుకుతోంది.. మరి ఇంట్లో ఉందా? ప్రాణం నిలిపే స్ప్రేకు అడ్డు ఏంటి?

అమెరికాలో డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాలు తగ్గాయి. 2023లో సుమారు లక్షా 5 వేల మంది చనిపోగా, 2024లో ఆ సంఖ్య దాదాపు 80 వేలకు దిగింది. కారణాలు చాలానే ఉన్నా, నిపుణులు తప్పకుండా చెప్పే పేరు ఒకటుంది. అదే నలోక్సోన్. ముక్కులో కొట్టే చిన్న స్ప్రే. మందు ఉన్నా ఇంకా వేల ప్రాణాలు ఎందుకు పోతున్నాయి? అసలు ప్రశ్న ఇదే.

ఇంతకీ ఏంటీ నలోక్సోన్?

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్.. ఇవన్నీ ఓపియాయిడ్లు. డోస్ మించితే శ్వాస ఆగిపోతుంది. మెదడులో ఈ మత్తు పట్టుకున్న చోటు నుంచి దాన్ని నెట్టేసి, నలోక్సోన్ ఆ చోటు ఆక్రమిస్తుంది. దాంతో ఊపిరి మళ్లీ అందుతుంది. 1971లోనే అనుమతి వచ్చిన పాత మందే ఇది. అయితే ప్రిస్క్రిప్షన్ లేకుండా 'నార్కాన్' స్ప్రే అమ్మేందుకు ఎఫ్‌డీఏ 2023 మార్చిలో ఓకే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో షాపుల్లోకి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే..

ఓవర్‌డోస్ అయిన మనిషికి స్పృహ ఉండదు. తనంతట తాను స్ప్రే కొట్టుకోలేడు. అంటే ఈ మందు ఉండాల్సింది పక్కనున్న వాళ్ల దగ్గర! కానీ 'మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు, మాకెందుకు?' అనుకునేవాళ్లే ఎక్కువ. కొంటే ఎవరేమనుకుంటారోనన్న మొహమాటం ఒకటి. ధర ఇంకొకటి. రెండు డోసుల ప్యాక్ మొదట్లో దాదాపు 45 డాలర్లు పలికింది. కాలిఫోర్నియా ప్రభుత్వం తన పథకం కింద దాన్ని 24 డాలర్లకు తెచ్చింది. చాలాచోట్ల హెల్త్ డిపార్ట్‌మెంట్లు, కాలేజీలు ఉచితంగానే ఇస్తున్నాయి.

తెలుగు స్టూడెంట్లకు ఏం సంబంధం?

ఉంది. పరీక్షల టైంలో చదువుకోవడానికనో, నొప్పికనో, నిద్రకనో తెలిసినవాళ్ల దగ్గర, సోషల్ మీడియాలో కొనే మాత్రలు నకిలీవి కావచ్చు. చూడ్డానికి అచ్చం అసలు మాత్రలే. లోపల ఫెంటానిల్! ఇది హెరాయిన్ కంటే 50 రెట్లు పవర్‌ఫుల్. 2 మిల్లీగ్రాములే ప్రాణం తీయొచ్చని డీఈఏ హెచ్చరిస్తోంది. ఇక్కడి నుంచి సూట్‌కేసులో పెట్టి పంపుదామంటే కుదరదు. మన దేశంలో నలోక్సోన్ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నా, ప్రధానంగా ఆసుపత్రుల్లో వాడే ఇంజెక్షనే. కాబట్టి అక్కడికి వెళ్లాకే తీసుకోవాలి.

ఎలా వాడాలి?

పిలిచినా, కుదిపినా లేవకపోవడం, శ్వాస చాలా నెమ్మదించడం, గురక లాంటి శబ్దం, పెదాలు నీలంగా మారడం, కంటిపాపలు సూదిమొనంత అవ్వడం.. ఇవీ లక్షణాలు. వెంటనే 911కు కాల్ చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా స్ప్రే కొట్టాలి. 2, 3 నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో డోస్ ఇంకో రంధ్రంలో. ఊపిరి అందుకున్నాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచాడు కదా అని వదిలేయొద్దు. మందు ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. ఆ తర్వాత మత్తు మళ్లీ కమ్మేయొచ్చు. ఒంట్లో ఓపియాయిడ్ లేకపోయినా ఈ స్ప్రేతో హాని ఉండదు. అనుమానం ఉన్నా కొట్టడమే మంచిది.

భయమే అసలు శత్రువు

పోలీసులొస్తారు, కేసవుతుంది, వీసా పోతుంది.. ఈ భయంతో ఫోన్ చేయకుండా ఆగిపోయేవాళ్లున్నారు. చాలా రాష్ట్రాల్లో సాయం కోసం ఫోన్ చేసినవారికి రక్షణ చట్టాలున్నాయి. అయితే అవి రాష్ట్రానికో రకం. వీసా వ్యవహారాలేమో ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటాయి. భయం పూర్తిగా పోదు, నిజమే. కానీ కేసైతే లాయర్ ఉంటాడు. ఆగిపోయిన ఊపిరికి మాత్రం ఉండేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో రూమ్మేట్ చేతిలో స్ప్రే ఉందా లేదా.. తేడా అంతా అక్కడే!