ఆధారానికీ మార్కులు వేయండి

పెద్దపల్లి జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ప్రాజెక్టు పని ఇవ్వగానే మా సుల్తానాబాద్ పిల్లలు ఫోన్ తీసి, మొదట కనబడిందే దించేస్తున్నారు. 2016 అక్టోబరు 11న మనం పెద్దపల్లి జిల్లాలోకి వచ్చాం. పాత పేజీలు చూసిన పిల్లలు ఇంకా కరీంనగర్ జిల్లా అనే రాస్తారు. అది తేదీ చూస్తే పట్టుబడే తప్పు.

మన జిల్లాలోని పురాతన స్థలం ధూళికట్ట సంగతి అంత తేలిక కాదు. దాని పేరు ప్రాచీన గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాశాడని నెట్‌లో కనిపిస్తుంది. అసలు ఆయన పుస్తకం ‘ఇండికా’ మనకు పూర్తిగా దక్కనే లేదు; తరవాతి రచయితలు ఎత్తిరాసిన ముక్కలే మిగిలాయి. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలున్నాయన్న రోమన్ రచయిత ప్లినీ, వాటి పేర్లు చెప్పలేదు. ధూళికట్ట వాటిలో ఒకటన్నది తరవాతివాళ్ల ఊహ. ఆ ఊహే నెట్‌లో సాక్ష్యమై కూర్చుంది. పది సైట్లలో అదే వాక్యం చూసి పిల్లలు పది ఆధారాలనుకుంటారు. ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తిరాసి ఉండొచ్చని వాళ్లకు ఎవరు చెప్పాలి?

అయ్యా, ప్రాజెక్టు మార్కుల్లో కొన్ని ఆధారానికి కేటాయించండి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వాళ్లకెలా తెలుసు అన్నవి నోటుపుస్తకంలో రాయించండి. 1970ల నాటి ధూళికట్ట తవ్వకాల వివరాలు మా బడుల సోషల్ టీచర్లకు పురావస్తు శాఖ నుంచి ఈ ఏడే తెప్పించండి.

ఇట్లు,
సుల్తానాబాద్ నుంచి ఒక విద్యార్థి తల్లి