వెలిసిన ఆకుముద్రకూ మార్కులు వేయాలి



ఒక ఏడు మా బడిలో ఆకులతో గుడ్డ మీద ముద్రలు వేసే పోటీ పెట్టాం. ఒక జట్టు ఆకులకు అంగడి రంగు పూసి రుమాళ్ల మీద అద్దింది. రెండో జట్టు వేపాకు, బంతి ఆకు గుడ్డ మడతలో పెట్టి గుండ్రాయితో దంచింది. ఈనెలతో సహా పచ్చని ముద్రలు దిగాయి. కానీ ప్రదర్శన నాటికి అవి వెలిసిపోయాయి. నేను మొదటి జట్టుకే బహుమతి ఇచ్చాను. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఎందుకంటే ప్రశ్న పుట్టింది రెండో జట్టుకే. "సార్, చెట్టున ఉన్న ఆకు ఎండకు వెలవదే, గుడ్డ మీది ముద్ర ఎందుకు వెలిసింది?" అని అడిగారు. బతికి ఉన్న ఆకు పత్రహరితాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేసుకుంటుంది. గుడ్డ మీద ఆ పని జరగదు. వెలుతురుకూ గాలికీ పత్రహరితం విరిగిపోతుంది. పైగా అది నూలును గట్టిగా పట్టుకోదు.

మరి నిలిచే రంగు ఆకులో లేదా? ఉంది. 19వ శతాబ్దంలో మన కడప జిల్లా నీలిమందుకు పేరు పొందింది. నీలి ఆకు కూడా పచ్చగానే ఉంటుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి పులియనిస్తే ఒక పదార్థం నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని బాగా చిలికితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీలంగా మారుతుంది. ఆ నీలం నీటిలో కరగదు. అందుకే ఉతికినా అంత సులభంగా పోదు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి అంగడికి వచ్చింది. ఆ పోటీకి మన నీలి సాగు నిలవలేకపోయింది.

ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల ముందు తిరిగే మీరు, జమ్మలమడుగు వైపు మగ్గాల చప్పుడు విన్న మీరు, పులివెందుల తోటల్లో ఆడుకునే మీరు ఈ సంగతి తెలుసుకోకుండా బడి దాటిపోతే అది మా ఉపాధ్యాయుల లోపమే.

ఇంకో ప్రయోగం చేయండి. తెల్లని నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేయండి. తుప్పు మేకులను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఉంచండి. మూత బిగించవద్దు, వాయువు పుడుతుంది. ఆ నీటిని ఆకు అడుగువైపు పలుచగా పూసి గుడ్డ మీద ఒత్తండి. ముద్ర నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లని పదార్థం అవుతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత గీసేది ఈ కిటుకుతోనే.

పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఆకులు మాత్రం దంచవద్దు, అవి విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. అందమైన రుమాలుకు మాత్రమే మార్కులు వేయకండి. ఏ ఆకు, ఏ రోజు దంచారు, ఎండలో ఎన్నాళ్లకు వెలిసింది, నీడలో ఎన్నాళ్లకు వెలిసింది అని పిల్లలు రాసుకున్న పుస్తకానికి కూడా వేయండి.

పిల్లలూ, వెలిసిన రుమాలు పారేయకండి. సగం ఎండలో, సగం నీడలో ఉంచి చూడండి. రంగు పోయిన చోటే మీ మొదటి పాఠం ఉంది.