బేకు అంటే బెక్కు వచ్చింది!

వికారాబాద్ జంక్షన్‌లో ఓ పిల్లి ఉంది. ప్లాట్‌ఫారం మీద టీకొట్టు బల్ల కింద దాని కాపురం. తాండూరులో ఇంకో పిల్లి ఉంది. నాపరాళ్లు కోసి నునుపు చేసే చోట గోడ మీద దాని మకాం. ఒంటినిండా రాతిపొడే కాబట్టి అసలు రంగేమిటో దానికే గుర్తులేదు. రెండూ దూరపు చుట్టాలు. ఓ ఆదివారం పూట జంక్షన్ పిల్లి మూటల మధ్య నక్కి, వాడి వైపు పోయే ప్యాసింజరెక్కి, ధారూరు దాటి తాండూరులో దిగింది. 1874 నుంచీ రైళ్లు నడుస్తున్న దారే. టికెట్ లేకుండా ఎక్కిన మొదటి పిల్లి ఇదే అయ్యుండదు.

'ఏం చెల్లె, మంచిగున్నవా?'

'ఏం మంచి అక్కా! మొన్ననే ఇజ్జత్ వోయింది. సేడం దిక్కుకెల్లి ఒక ముసలాయన వచ్చి హోటల్ల కూసుండు. బేకు, హాలు బేకు అని ఒకటే అడుగుతుండు. నన్నే పిలుస్తుండనుకొని ఉరికిన. బల్ల మీదికి దుంకంగనే చెంచా ఇసిరిండు.'

కన్నడంలో 'బెక్కు' అంటే పిల్లి. 'బేకు' అంటే కావాలి. పాపం, పెద్దాయన అడిగింది పాలు. వచ్చింది పిల్లి!

'గంతేనా? ఇంకోపారి ఒకామె తన పోరన్ని ఇల్లి బా, ఇల్లి బా అని పిల్చింది. ఇలి అన్నదనుకొని బియ్యం బస్తాలన్నీ ఎతికిన.' ఇల్లి అంటే ఇక్కడ. ఇలి అంటే ఎలుక. ఆకలి మీదున్న చెవికి ఒక వత్తు ఎక్కువైనా తక్కువైనా లెక్కలోకి రాదు.

'నీ తప్పేముంది చెల్లె. తెలుగుల పిల్లంటరు, ఉర్దూల బిల్లీ అంటరు, కన్నడంల బెక్కంటరు. ఒక్క పాణానికి మూడు పేర్లాయె!'

తాండూరులో పిల్లికే కాదు, అన్నిటికీ మూడేసి పేర్లుంటాయి. బషీరాబాద్ దాటితే కర్ణాటక. అసలు 1956 అక్టోబరు 31 దాకా తాండూరు తాలూకా ఉన్నది గుల్బర్గా జిల్లాలోనే. మర్నాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది. సంతలో బేరం, పెళ్లి సంబంధం, పక్కింటి తగాదా ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగుస్తాయో చెప్పలేం. తాండూరు ఎర్రకందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ మూడు నోళ్ల మాటకి అలాంటి ముద్ర ఎవరూ వెయ్యలేదు. పిల్లులకు కందిపప్పుతో పనిలేదు గానీ, ఈ రెండో సంగతి మీద వాటికి కొంచెం కోపం ఉన్నట్టే ఉంది.

నాలుగు భాషలు కలిసిన చోట అసలు భాష చెడిపోతుందని కొందరి దిగులు. సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజున చేసుకుంటున్నామో వాళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ప్రజాకవి కాళోజీ పుట్టింది బీజాపూర్ వైపు రట్టిహళ్లిలో. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ.

'మక్కల సంగతి ఇన్నవా అక్కా?' అంది తాండూరు పిల్లి మీసాలు దువ్వుకుంటూ. 'మీ దిక్కు ముసలామె ఒకామె బిడ్డను సరిహద్దు అవతలి ఊరికిచ్చింది. వియ్యపురాలి దగ్గర కూసుండి, పొద్దుగాల మక్కలు గాల్చుకోని తిన్నమని చెప్పింది. ఆమె లేచి నిలబడ్డది!'

తెలంగాణలో మక్కలంటే మొక్కజొన్నలు. కన్నడంలో మక్కళు అంటే పిల్లలు. వియ్యపురాలు కొట్టంలోకి వెళ్లి ఎండబెట్టిన కంకులు తన కళ్లతో చూశాకగానీ కుదుటపడలేదట.

జంక్షన్ పిల్లి నవ్వలేదు. 'అవతల భాష వేరు, సరే. మన తెలుగోళ్లకే మన తెలుగు అర్థం గాకపోతే ఏం జెయ్యాలె? ఒక ఇంటికి కాయితాలు రాసుకునే సారొచ్చిండు. బిడ్డలెందరని అడిగిండు. ఇద్దరన్నది ఆమె. బిడ్డలంటే ఆడపిల్లలే గదా మనకు. కొడుకు గోడ అవతల గోలీలాడుతుండు. కాయితంల మాత్రం లేకుంట వోయిండు.'

సారుకి బిడ్డంటే ఎవరైనా బిడ్డే. రెండర్థాలూ సరైనవే. ఇలాంటి తేడాలు లెక్కగట్టడానికే భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లా జిల్లాకీ మనుషుల్ని పంపి, రైతుల నోటి మాటలు పోగుచేయించారు. 1962లో ఆ వ్యవసాయ పదకోశం అచ్చయింది. ఒకే పనిముట్టుకు నాలుగు ప్రాంతాల్లో నాలుగు పేర్లుంటే నాలుగూ అందులో పక్కపక్కనే కూర్చున్నాయి. సినిమాల్లో మాత్రం ఒక యాస హీరోకీ, ఇంకో యాస రౌడీకీ, జోకరుకీ అని పంచిపెట్టారు చాలాకాలం. పిల్లలు నేర్చుకున్నది పదకోశం చూసి కాదు, సినిమా చూసి.

'ఒకటి జెప్త ఇను చెల్లె,' అంది జంక్షన్ పిల్లి. 'పట్నంల చదువుకునే పిల్ల, తల్లీ రైలెక్కనీకి వచ్చిన్రు. పిల్లతోని దోస్తులున్నరు. తల్లి నల్లకాడ సీసల నీళ్లు వడుతుంది. రైలు కూత వెట్టింది. పిల్ల తలుపుకాడ నిలబడి మమ్మీ, మమ్మీ అని మెల్లగ పిలుస్తది. ఆమె తిరిగి చూస్తలేదు. చెవుడు గాదు. ఆమెనెవ్వరు ఎన్నడు అట్ల పిల్వలే.'

'మరి ఎప్పటి తీర్గ పిల్వొచ్చు గదా?'

'హాస్టల్ల అవ్వ అంటే నవ్విన్రంట. మీ నాయనమ్మనా అని అడిగిన్రంట.'

కోస్తాలో, రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. తెలంగాణ పల్లెల్లో కన్నతల్లి. కలబురిగి వైపు పల్లెల్లోనూ తల్లే.

'రైలు ఒక్క కుదుపు కుదిపింది. అప్పుడు ఒర్లింది సూడు పిల్ల, అవ్వా అని! పెట్టె మొత్తం ఇనవడ్డది. నల్లకాడున్నామె ఒక్కతే గాదు, ప్లాట్‌ఫారం మీద ఇంకో నలుగురు తల్లులు గిర్రున తిరిగిన్రు. సీస ఆడనే వడేసి ఉరికొచ్చింది. పిల్ల చెయ్యిచ్చి గుంజుకున్నది.'

'దోస్తులు నవ్విన్రా?'

'ఏమో. రైలు వోయింది.'

తాండూరు పిల్లి కాసేపు తోక కదపలేదు. పొద్దు గూట్లో పడుతుంటే రెండూ గోడ దిగి వీధిలోకి నడిచాయి. మూలింటి ముందు పాలాయన సైకిలు ఆగింది. ఆ ఇంటామెది కన్నడం. గిన్నె పట్టుకుని, పాలు పోస్తుంటే 'సాకు, సాకు' అంది. కన్నడంలో 'సాకు' అంటే చాలు అని. తెలుగులో సాకడమంటే పెంచడం.

జంక్షన్ పిల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. 'ఇన్నవా చెల్లె? మనల్ని సాకుతదంట!'

తాండూరు పిల్లికి మూడు భాషలూ వచ్చు. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఆమె గడప దగ్గర వాలిన కొత్త పిల్లిని ఎగాదిగా చూసి, ఓ చిప్పలో రెండు గుక్కల పాలు పోసి లోపలికి వెళ్లింది.

రాత్రి సికింద్రాబాద్ వైపు ప్యాసింజర్ వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. జంక్షన్ పిల్లి ఎక్కలేదు.