కనిపించనివాని బరువు

భయానక చిత్రాలలో కంప్యూటర్ పని దయ్యాన్ని సృష్టించడమేనని మనలో చాలామంది అనుకొంటారు. 2020లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మేన్' చిత్రంలో అది చేసిన ముఖ్యమైన పని మనిషిని చెరిపివేయడం. అదృశ్యపురుషుడు కథానాయికను వంటగదిలో పట్టి విసిరే ఘట్టం ఉన్నది. చిత్రీకరణలో నిజంగానే ఒక మనిషి ఆమెను పట్టుకొన్నాడు. అతడు ఆపాదమస్తకం ఆకుపచ్చని దుస్తులు ధరించాడు. యంత్రం నడిపే కెమెరా అదే దారిలో, అదే వేగంతో ఖాళీ వంటగదినీ చిత్రీకరించింది. తరువాత కళాకారులు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అతడిని చెరుపుతూ, ఆ చోట ఖాళీ గదిలోని గోడలను అతికారు. (అనువాదకులకు ఇది కొత్త విద్య కాదు, మూలభాష ఆనవాళ్లు చెరపడంలోనే మా రోజులు గడుస్తాయి.) మనిషి పోయినా అతని బలం మాత్రం ఆమె ఒంట్లో మిగిలిపోయింది. మనలను భయపెట్టేది అదే.

1982లో జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' చిత్రానికి రాబ్ బాటిన్ అనే యువకుడు రబ్బరుతోను, యంత్రాలతోను కల్పించిన వికృతరూపాలు నేటికీ ఒళ్లు జలదరింపజేస్తాయి. దాని పూర్వకథగా 2011లో వచ్చిన చిత్రానికి ఆలెక్ గిలిస్, టామ్ వుడ్రఫ్ అనే నిపుణులు అటువంటి బొమ్మలే చేసి, నటుల ఎదుట ఆడించారు. చిత్రం విడుదలయ్యేసరికి వారి శ్రమలో అధికభాగం గ్రాఫిక్స్ పూత కింద కనుమరుగైంది. సెట్‌లో నిలిచిన బొమ్మపై దీపాల వెలుగు తనంత తానే పడుతుంది. నటుడి చూపు దాని కళ్లను తాకుతుంది. కంప్యూటర్‌లో పుట్టిన ప్రాణికి నీడ, తడి, బరువు ఒక్కొక్కటే లెక్కకట్టి ఇవ్వాలి. లెక్క ఎక్కడ తప్పినా, లోపమేమిటో ప్రేక్షకుడు చెప్పలేడు గాని, అతని భయం సడలిపోతుంది. ఇందుకు యంత్రాన్ని నిందించి లాభం లేదు; బొమ్మలను కప్పివేయమన్నది యంత్రం కాదు. గిలిస్ ఆ తరువాత ప్రజల వద్ద చందాలు పోగుచేసి, బొమ్మలకే పెద్దపీట వేస్తూ 2015లో 'హార్బింజర్ డౌన్' అనే చిత్రం తీశాడు.

ఆండీ ముషియెటి దర్శకత్వంలో 2013లో వచ్చిన 'మామా' చూసినవారు అందులోని ప్రేతం యావత్తూ గ్రాఫిక్సే అనుకొన్నారు. ఆ పొడవైన బక్కచేతులు, ఆ వంకర నడక హావియే బొటెట్ అనే స్పానిష్ నటుడివి. నీళ్లలో తేలుతున్నట్లుండే ఆ జుట్టు మాత్రం కంప్యూటర్ పెంచినదే. అదే దర్శకుడు 2017లో 'ఇట్' తీస్తూ, విదూషకుడి కళ్లు రెండూ చెరోవైపు తిరగాలనీ, దానిని కంప్యూటర్‌తో చేయించాలనీ తలచాడు. నటుడు బిల్ స్కార్స్‌గార్డ్ అది తనకు చేతనవునని చెప్పి, అక్కడికక్కడే ఒక కన్ను పక్కకు తిప్పి చూపాడు.