చెవితో నడిపే కారు

'మీటరెందుకురా, చెవులున్నాయిగా!'

ముక్త్యాలలో నాకు ట్రాక్టర్ నేర్పేటప్పుడు మా బాబాయి అన్న మాట ఇది. ఆ బండికి మీటర్లు ఎప్పుడో ఆగిపోయాయి. నల్లరేగడిలో నాగలి లోతుగా దిగితే ఇంజిన్ గొంతు బొంగురుపోయేది. గట్టున కూర్చున్న బాబాయి అక్కణ్నుంచే 'లివర్ ఎత్తు' అని కేకేసేవాడు. ఆ ట్రాక్టర్ 35 హార్స్‌పవర్. దానికి పదింతల బలం ఉండి, అలాగే చెవి పెట్టి నడపాల్సిన కారు ఒకటుంది. పేరు లాంబోర్గినీ మియురా. దాన్ని తయారుచేయించింది కూడా ఓ ట్రాక్టర్ల ఆసామే!

ఫెరూచియో లాంబోర్గినీది ఇటలీలో వ్యవసాయ కుటుంబం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన వాహనాల భాగాలతో ట్రాక్టర్లు తయారుచేసి అమ్మాడు. బాగా సంపాదించాక 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. ఆయనకు కావాల్సింది హాయిగా దూరప్రయాణం చేసే కారు. దగ్గర పనిచేసే కుర్రాళ్లకేమో పందెం కార్ల మీద మోజు. డల్లారా, స్టాంజానీ అనే ఇంజినీర్లు, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్... ముగ్గురూ ముప్ఫై దాటనివాళ్లే. పనివేళలు అయ్యాక కూర్చుని కొత్త కారుకు రూపకల్పన చేశారు. 1965 నవంబరులో టురిన్ ప్రదర్శనలో పైకప్పూ తలుపులూ లేని ఉత్త ఛాసిస్‌నే పెడితే జనం మూగారు. దానికి బెర్టోనీ సంస్థలోని మార్చెల్లో గాండినీ అందమైన బాడీ గీశాడు. 1966 మార్చిలో జెనీవాలో కారు బయటికొచ్చింది. మియురా అన్నది స్పెయిన్‌లో పోట్లగిత్తల్ని పెంచే కుటుంబం పేరు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగిన మనకి ఆ పేరెందుకు పెట్టారో విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు విశేషం ఇంజిన్ పెట్టిన చోట ఉంది. పన్నెండు సిలిండర్ల, దాదాపు నాలుగు లీటర్ల ఇంజిన్‌ను ముందు బానెట్ కింద కాకుండా సీట్ల వెనక, అదీ అడ్డంగా పెట్టారు. చోటు కలిసి రావాలని ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒకే పోతలో పోశారు. బరువంతా కారు మధ్యకి చేరింది. దాంతో మలుపులో స్టీరింగ్ తిప్పగానే కారు తిరుగుతుంది. 350 హార్స్‌పవర్, గంటకు 270 కిలోమీటర్లు దాటే వేగం!

నేనా కారు నడపలేదు. నడిపినవాళ్లు రాసిందే చదివాను. పవర్ స్టీరింగ్ లేదు. ఏబీఎస్ లేదు. కంప్యూటర్ అసలే లేదు. కాలు నొక్కితే కార్బురేటర్లు నోళ్లు తెరుస్తాయి, అంతే. క్లచ్ తొక్కాలంటే పిక్కబలం కావాలి. గేరు రాడ్డు లోహపు గాళ్లలో టకటకమని పడాలి. పన్నెండు సిలిండర్ల హోరు తల వెనకే. ఆ హోరు స్థాయిని బట్టి గేరు ఎప్పుడు మార్చాలో డ్రైవర్‌కే తెలుస్తుంది. రోడ్డు మీది గతుకు అరచేతికి తెలుస్తుంది. మనిషికీ యంత్రానికీ మధ్య దుబాసీ లేడన్నమాట.

దుబాసీ లేకపోతే తప్పు సర్దేవాడూ లేనట్టే. పెట్రోలు ట్యాంకు ముందుండేది. పెట్రోలు అయిపోయేకొద్దీ ముందుభాగం తేలికై, పెద్ద వేగంలో గాలికి లేచినట్టయి స్టీరింగ్ పట్టు తప్పేది. ఇంజిన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్ కావడంతో గేర్లు అరిగి రాలిన రజను ఇంజిన్‌లోకి పోయేది. చివర్లో వచ్చిన ఎస్‌వీ రకం కార్లలో కొన్నిటికే రెండిటినీ వేరుచేశారు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆగినప్పుడు కార్బురేటర్ల దగ్గర పెట్రోలు చేరి మంటలంటుకున్న కార్లూ ఉన్నాయి. 1973 దాకా తయారైనవి దాదాపు 760.

మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఓ వానాకాలం రాత్రి జగ్గయ్యపేట దాటాక హైవే మీద గేదె అడ్డొచ్చింది. భయంతో బ్రేకు మీద నిలబడ్డాను. పెడల్ గడగడలాడింది. చక్రాలు పట్టేయలేదు. కారు జారకుండా గేదెకి బారెడు దూరంలో ఆగింది. ఆ రాత్రి నన్ను కాపాడింది నా నైపుణ్యం కాదు, ఆ పెట్టె. కాబట్టి పాతవే గొప్పవని నేననను. కానీ బ్రేకు ఎంత నొక్కాలో నా కాలికి ఎప్పటికీ తెలియకపోవచ్చని మాత్రం ఆ రాత్రే అర్థమైంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే బాబాయి కొత్త ట్రాక్టర్ చూపించాడు. పవర్ స్టీరింగ్, అంకెలు వెలిగే మీటరు. ఆయనకిప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. ముప్ఫయ్యేళ్లు సైలెన్సర్ పక్కన కూర్చున్నందుకు మిగిలింది అది. పన్నెండేళ్ల మనవడు పక్కన నిలబడి, మీటర్లో అంకెలు గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

'అంకెలు తర్వాత చెబుదువుగానిరా' అన్నాడు బాబాయి. 'ముందు చప్పుడెట్లా ఉందో చెప్పు.'